రెండోసారి పెట్టిన వేలు

ఆ రోజు పొద్దుటి నుంచి ఎస్తేరు కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. పొయ్యి మీద అన్నం మాడింది. బర్రెకు కుడితి పెట్టడం మరిచింది. సాయంత్రం మహిళా సంఘం మీటింగు ఉంది. పదిమందికీ కలిపి రావలసిన బ్యాంకు లోను తన ఒక్కదాని వల్ల ఆగిపోయింది.

ఎవరో ఫోను యాప్‌లో ఆమె పేరున అప్పు తీసి, ఒక్క కిస్తీ కూడా కట్టలేదట. "నీ సిబిల్ స్కోరు ఖరాబైందమ్మా. ఒక్కరిది బాగలేకున్నా గ్రూపుకు లోను రాదు," అన్నాడు బ్యాంకాయన. తొలకరి దగ్గర పడింది. పత్తి గింజల కోసం అందరూ ఆ లోను మీదే ఆశ పెట్టుకున్నారు.

రెండు రోజుల కింద జనగామ పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు రాసుకున్న అమ్మాయి కంప్యూటర్ చూసి, "పెద్దమ్మా, నీ పేరు మీద రెండు సిమ్‌లున్నయి. రెండూ ఒక్క రోజే తీసిన్రు," అంది.

"నాకున్నది ఒక్కటే బిడ్డా!"

"గా రెండోదానితోనే అప్పు తీసిన్రు."

ఆ అమ్మాయే ఆ సిమ్ బంద్ చేయించింది. ఆధార్‌లో వేలిముద్రకు తాళం వేయించింది. అప్పిచ్చిన కంపెనీకి, బ్యాంకుకు ఉత్తరాలు పంపించింది. "జవాబు వచ్చేదాంక ఒక్క పైసా కట్టకు. కడితే నీ అప్పేనని ఒప్పుకున్నట్టయితది," అని మరీ మరీ చెప్పింది.

సాయంత్రం పుష్పమ్మ వాకిట్లో అందరూ కూర్చున్నారు. ఆమే సంఘం లీడరు.

"నాలుగు వేలే గదనే, కట్టి పారెయ్యరాదు? వానలు నీ పోలీసుల కోసం ఆగుతయా?"

"తినని కూడుకు చెయ్యెందుకు కడుగుతరక్కా?"

"కడిగితే చెయ్యే గద శుభ్రమయ్యేది!" అంది తండా నుంచి వచ్చిన చంద్రి. ఆడవాళ్లంతా నవ్వారు. ఎస్తేరు లేచి గేటు దాకా పోయి మళ్లీ వచ్చింది.

"జర కూసోవే. నిన్ను చూస్తే కండ్లు తిరుగుతున్నయి," అంది పుష్పమ్మ.

"నన్ను గ్రూపులకెల్లి తీసెయ్యిన్రి. మీ లోను మీకొస్తది. కట్టుమని మాత్రం అనకున్రి," అంది ఎస్తేరు.



"అసలెట్ల మోసపోయినవే, గంత గుడ్డిగ?" అంది పుష్పమ్మ.

"అంగడి కాడ గొడుగేసుకొని ఫిరీ సిమ్ములిచ్చిండు సూడు, గాయిన. వేలు పెట్టిన. మిషిన్ల పడలేదన్నడు. పత్తి ఏరి ఏరి గీతలరిగినయి, ఇంకోపారి పెట్టవ్వా అన్నడు. పెట్టిన. రేషన్ షాపుల ఎప్పుడూ గదే మాట గద, అనుమానమెట్ల వస్తది?"

చంద్రి తన బొటనవేలు వైపు చూసుకుంది.

"నాదీ పడలేదన్నడు," అంది మెల్లగా. "ఇగ నా పేరు మీద అప్పు ఎప్పుడు తీస్తరో ఏమో."

పుష్పమ్మ కుడిచెయ్యి కొంగులోకి పోవడం ఎస్తేరు చూసింది.

"అక్కా, నువ్వో?"

"నాతోని మూడుపార్లు పెట్టిచ్చిండే," అంది పుష్పమ్మ నేల చూస్తూ. తర్వాత తలెత్తింది. "గ్రూపులకెల్లి నీ పేరు యాడికీ పోదు. లోను ఆగితే ఆగనియ్. పొద్దుగాల జనగామ బస్సు ఎన్నింటికే?"

జవాబు చెప్పకముందే ఎస్తేరు మళ్లీ లేచి నిలబడింది.