ప్రేమ విందు

ఈస్టరు నాడు తెల్లవారకముందే సంపూర్ణమ్మ గుడి వెనక పొయ్యి వెలిగించింది. చల్లపల్లి దగ్గరి ఆ చిన్న గుడిలో ఆరాధన అయ్యాక అందరికీ ప్రేమ విందు. కంట్రోలు రోజులు, బియ్యం రేషనుకు మించి దొరకదు. ఇంటింటా అడిగి తెచ్చిన బియ్యం కడగడం, గోంగూర ఒలవడం, గంజి వార్చడం అన్నీ ఆమెవే. భర్త ఏసుపాదం సంఘపెద్ద. "దేవుడి పనికి అలసటేమిటే" అంటాడు. అలా అన్నవాడు ఏనాడూ ఒక్క కుండ దించి ఎరగడు.

గుడిలో పెత్తనం వాళ్లలాంటి రైతు కుటుంబాలది. తాతల నాడే క్రైస్తవం పుచ్చుకున్నా, విందు రోజున మాలగూడెం వాళ్లకు బయట పందిరి కింద వేరే బంతి వేయడం మానలేదు. ఆ గూడెం నుంచి కొత్తగా బాప్తిస్మం తీసుకున్న మార్తకు ఆ సంగతి తెలియదు. కూతురితో లోపలి బంతిలో కూర్చుంది. విస్తట్లో అన్నం పడింది. పక్కవాళ్ల చేతుల్లో ముద్దలు ఆగిపోయాయి. ఏసుపాదం భార్యకేసి చూశాడంతే.

సంపూర్ణమ్మ వంగి, గొంతులో ఉన్న తీపంతా పోసి, "అమ్మాయ్, ఇక్కడ ఉక్కగా ఉంది. బయట గాలి బాగా వస్తోంది, అక్కడ కూర్చుందువుగాని రా" అంది.

మార్త ఒక్కసారి తలెత్తి చూసింది. మెతుకు కింద పడకుండా విస్తరి రెండు చేతులా ఎత్తుకుని లేచింది. పిల్ల వెనకాలే నడిచింది.

ఇంటికొచ్చాక ఏసుపాదం, "ఎంత నేర్పుగా లేపావు! మనసు నొప్పించకుండా..." అన్నాడు. ఇరవై ఏళ్ల కాపురంలో ఆయన మెచ్చుకోవడం అదే మొదలు. వంటను మెచ్చలేదు, బిడ్డల్ని పెంచిన తీరును మెచ్చలేదు. దీన్ని మెచ్చాడు. ఆ మాట ఆమె ఒంటికి బురదలా అంటుకుంది. మగవాళ్లు తాము చెయ్యడానికి జంకిన పనిని తన తియ్యని గొంతుతో చేయించుకున్నారు. తనూ చేసింది. ఎవరూ చెయ్యి పట్టి లాగలేదు, ఒక్క చూపు సరిపోయింది.

రెండు రోజులాగి మాలగూడెం వెళ్లింది. మార్త గుమ్మంలో బియ్యం చెరుగుతోంది.

"నొచ్చుకున్నావా?" అని అడిగింది సంపూర్ణమ్మ. అడుగుతూనే ఆ ప్రశ్నకు తానే సిగ్గుపడింది.

"నా సంగతికేం లెండి అమ్మగారూ. పిల్ల అడిగింది, మనల్ని ఎందుకు లేపారమ్మా అని. గాలి కోసమేలే అన్నాను. మీ అబద్ధం నా నోటితో చెప్పానండి. అదే మింగుడు పడటంలేదు."

"ఆదివారం రా మార్తా. అందరి ముందూ చెబుతాను."

"నేనెందుకండి? లేపింది మీరు. చెప్పేదేదో మీరే చెప్పండి."

ఆదివారం ఆరాధనలో, లేచి తమ సాక్ష్యం చెప్పుకునేవాళ్లున్నారా అని ఏసుపాదం అడిగాడు. ఆడవాళ్ల వైపు నుంచి సంపూర్ణమ్మ లేచింది. మార్త రాలేదు.

"ఈస్టరు నాడు బయట గాలి లేదు. మార్తను నేను కులం చూసి లేపాను."

"సంపూర్ణం, కూర్చో" అన్నాడు ఏసుపాదం.

ఆమె ముఖం కాలిపోతోంది. ఇన్నేళ్లూ రెండు బంతులకూ వడ్డించిన చెయ్యి తనదే కదా! అయినా కూర్చోలేదు.

"క్రిస్మసుకి బంతి ఒక్కటే అయితే అందరికీ వండుతాను. రెండైతే నేను వండేది బయటి బంతికే. తినేదీ వాళ్లతోనే."