మైలోడి కొమ్ముల పలక

మా అన్న జయచంద్ర మా ఆయన చెంప పగలగొట్టింది ఒక మంచుకొండ కోసం. ఆస్తి కోసం కాదు, పొలం గట్టు కోసం కాదు. వింటే ఎవరైనా నవ్వుతారు. నవ్వుకోండి, నాకేం.

నా పేరు ప్రశాంతి. ఆ పేరు పెట్టినవాళ్ళు ఎవరో గానీ వాళ్ళను పట్టుకొని తన్నాలి. మాది చంద్రగిరి పక్కన పల్లె. మా నాయన చెంగయ్యకు చెరకు తోటలున్నాయి. మా ఆయన అమర్‌నాథ్‌కు తిరుపతిలో ఇంటర్నెట్ సెంటర్ ఉంది. ఇది పోయినేటి మాట, రెండువేల నాలుగు. పెళ్ళయిన కొత్తలో ఒక మధ్యాహ్నం సెంటర్‌లో జనం లేనప్పుడు ఆయన నాకొక వీడియో చూపించాడు. ఆగి ఆగి ఆడుతున్న ఆ బొమ్మలో ఒక ఆడమనిషి రెండు కాళ్ళూ ఒకే చెక్కకు బిగించుకొని, చేతులు గాలికి వదిలేసి, మంచుకొండ మీద నుంచి సర్రున జారిపోతోంది. పట్టుకునేవాళ్ళు లేరు, ఆపేవాళ్ళు లేరు. నాకు ఒళ్ళు ఝల్లుమంది. పుట్టినప్పటి నుంచి నన్ను అట్లా వదిలిపెట్టినవాడు ఒక్కడు లేడు.

"నన్ను ఈడికి తీసకపో అబ్బా" అన్నాను. ఆయన ఒక్కమాట అడ్డం చెప్పకుండా సరేనన్నాడు. ఆ సరేకే నేను ఆయన్ను ప్రేమించడం మొదలుపెట్టాను.

యాడికి పోవాలన్నదే తెగలేదు. ట్రావెల్స్ ఆయన రెండు చోట్ల గురించి రంగుల కాగితాలు ఇచ్చాడు. ఔలీకి పోతే స్కీయింగ్ నేర్పుతారట. అంటే కాలికొక పొడుగాటి చెక్క, చేతికొక కర్ర. గుల్‌మార్గ్‌లో అయితే స్నోబోర్డు కూడా ఉందట. ఒకటే చెక్క, చేతుల్లో ఏమీ ఉండదు. ఆయనకు కర్రలు కావాలి. "చేతిలో పట్టు లేకపోతే నేను పడిపోతా ప్రశాంతీ" అంటాడు. నాకు బోర్డే కావాలి. అన్నం దగ్గర కొట్లాట, బండి మీద కొట్లాట, దిండ్లు విసురుకొని కొట్లాట. మా ఇంట్లో కొట్లాటంటే ఏందో తెలిసిన దాన్ని కాబట్టి చెప్తున్నా, అంత తియ్యటి కొట్లాట నేను ఎన్నడూ ఎరగను.

జనవరిలో పశువుల పండగకు పల్లెకు పోయాం. అన్నం తింటూ నేనే నోరు జారాను, వచ్చే నెల మంచుకొండకు పోతున్నామని.

"గుల్‌మార్గ్ అంటే కాశ్మీరే గదా!" మా అమ్మ దేవకమ్మ గరిటె కింద పెట్టేసింది. "ఆడ దినామూ కాల్చుకుంటా ఉండారంట. మనుషులకు భద్రం లేని సోటికి పోతారా యాడైనా?"

అన్నకు భద్రంతో పని లేదు. "మా ఇంటి ఆడబిడ్డ ప్యాంటేసుకొని, పరాయి మొగోళ్ళ ముందర చెక్కెక్కి దొర్లుతాదా? దాన్ని అదుపులో పెట్టుకోలేనోడివి నువ్వేం మొగోడివప్పా?"

"యాడికి పోవాల్నో మేమిద్దరం సూసుకుంటాం బావా" అన్నాడు మా ఆయన. గొంతు కూడా పెంచలేదు.

అన్న తింటున్న చెయ్యి ఎత్తి ఫెడీమని ఒక్కటిచ్చాడు. కళ్ళద్దాలు ఎగిరి సాంబారులో పడ్డాయి. మా ఆయన చెంప మీద మెతుకులు అంటుకున్నాయి. నేను చేతికందిన చెంబు విసిరాను. అన్న నుదురు చిట్లి, రక్తం ముక్కు మీదుగా ఆకులోకి కారింది.

"థూ! పండగ పూట రగతం కళ్ళజూస్తిరి గదరా" అని నాయన లేచిపోయాడు. తప్పెవరిదని అడగలేదు. మా నాయన ఎప్పుడూ అడగడు.

అన్న తువ్వాలుతో నుదురు అదుముకొని నవ్వాడు. "సరే. రేపు మన మైలోడి పలక పీకమను. పీకినాడా, కాశ్మీరుకే పోండి, కైలాసానికే పోండి. నేను మీసం తీయించుకుంటా. పీకలేదా, మంచు మాట ఇంగ ఎత్తకుండా ఇంట్లో పడుండాల."

మా వైపు ఊళ్ళలో పశువుల పండగంటే ఇదే. ఎద్దుల కొమ్ములు చెక్కి, రంగులు పూసి, కొమ్ముల మధ్య దేవుడి బొమ్మ అంటించిన చెక్క పలక కడతారు. డప్పులు కొట్టి మందను వీధిలోకి తోలతారు. మగవాళ్ళు ఎదురుపోయి, మూపురం కరుచుకొని, పలక లాక్కోవాలి. పలకను నూలు తాడుతోనే కట్టాలి, గట్టిగా గుంజితే తెగిపోవాలి. అది పద్ధతి. పలక పోగొట్టుకున్న ఎద్దు యజమాని ఏడాదంతా తలెత్తుకొని తిరగలేడు. ముందు ఏడు మా ఎద్దు మైలోడి పలక పక్క ఊరివాళ్ళు పీక్కుపోతే, అన్న ముద్ద ముట్టకుండా పడుకున్నాడు.

మైలోడిని పెంచింది నేను. దూడగా ఉన్నప్పుడు దాని తల్లి చచ్చిపోతే, గంజిలో నా వేళ్ళు ముంచి చీకించి బతికించాను.

"పద, తిరుపతికి పోదాం. వీళ్ళ అనుమతి ఎవనికి కావాల?" అన్నాను మా ఆయనతో.

"వచ్చినప్పుడల్లా మీ ఇంట్లో దెబ్బలు తినలేను ప్రశాంతీ. ఒక్కసారితో తేలిపోనీ" అన్నాడు. కళ్ళద్దాలు కడుక్కొని, తాడుతో తల వెనక బిగించి కట్టుకున్నాడు.

మర్నాడు ఆడవాళ్ళమంతా మిద్దెల మీద నిలబడ్డాం. వీధి నిండా మగవాళ్ళు. మొదటి మంద వచ్చేసరికే ఒకడి తొడ చీలింది. ఇంకొకడిని గోడకేసి కుమ్మితే పళ్ళు రాలాయి. జనం ఈలలు వేస్తున్నారు. చిన్నప్పటి నుంచి నేనూ ఈలలు వేసినదాన్నే. ఆ పూట మాత్రం పిట్టగోడ పట్టుకొని, మా ఆయన యాడున్నాడా అని వెతుక్కున్నాను.

మైలోడు వచ్చాడు. మా ఆయన పరుగెత్తి మూపురం మీద పడ్డాడు. ఊరంతా ఓయ్ అని అరిచింది. పట్టు విడవలేదు, నా బంగారం! ఎడమ చేత్తో మూపురం కరుచుకొని, కుడి చెయ్యి పలక కిందికి తోసి గుంజాడు. పలక రాలేదు. ఇంకోసారి గుంజాడు. రాలేదు. వేళ్ళు లోపల ఇరుక్కున్నాయి. మైలోడు బెదిరి తల విదిలిస్తూ ఉరికాడు. ఆయన కాళ్ళు తప్పి కిందపడ్డాడు. చెయ్యి మాత్రం కొమ్ముల దగ్గరే ఉండిపోయింది. మోకాళ్ళు రాళ్ళకు కొట్టుకుంటూ, మొహం దుమ్ములో ఈడ్చుకుంటూ పోతున్నాడు. పలకకు చుట్టిన పసుపు గుడ్డ చిరిగి ఎర్రబడింది. దాని కింద ఏదో తళుక్కుమంది.

బైండింగ్ వైరు. స్లాబు కమ్మీలకు కట్టే వైరు. మా అన్న పలకను వైరుతో కట్టి, పైన పసుపు గుడ్డ చుట్టాడు. పలక ఊడదని ముందు రోజు పందెం వేసినప్పుడే వాడికి తెలుసు.

నేను పిట్టగోడ మీద నుంచి దూకాను. ఆడది వీధిలోకి దిగిందని ఎవరెవరో కేకలు వేశారు. వాళ్ళ కేకలు కాలిపోనీ. "మైలోడా! ఒరే నాయనా! నేన్రా!" అని ఎదురుగా పరుగెత్తాను. కొమ్ము నా భుజం చీల్చింది. ముకుతాడు దొరకబుచ్చుకొని వేలాడాను. మైలోడు రొప్పుతూ నిలబడి నా అరచెయ్యి వాసన చూశాడు.

పక్కింటి ఎల్లప్ప మామ కటింగ్ ప్లేయరు తెచ్చి వైరు తెంపాడు. మా ఆయన చెయ్యి బయటికి వచ్చింది. చూపుడువేలు, నడివేలు రాలేదు.

ఊడిన పలక నా చేతిలోకి వచ్చింది. అన్న ఎదురుగా వస్తున్నాడు. "నేను మైలోడి పరువు కోసం కట్టినా గానీ..." అంటున్నాడు.

"పీకినాం సూడరా పలక!" అని మూతి మీద కొట్టాను. పడ్డాడు. పడినా కొట్టాను. పక్కటెముకల మీద, వీపు మీద, అడ్డం పెట్టిన చేతుల మీద కొట్టాను. దేవుడి బొమ్మ చినిగింది, చెక్క రెండుగా విరిగింది. విరిగిన ముక్కతో కూడా కొట్టాను. ఊళ్ళో మగవాళ్ళెవరూ నన్ను పట్టుకోవడానికి ముందుకు రాలేదు.

ఇప్పుడు తిరుపతి ఆసుపత్రిలో ఉన్నాం. అన్న ఈ పొద్దున వార్డు గుమ్మం దగ్గరికి వచ్చాడు. మూతి వాచి, మీసం నున్నగా గీయించుకొని వచ్చాడు.

"తప్పయిపాయ పాపా. మాట ప్రకారం తీసేసినా" అన్నాడు ఏడుస్తూ.

"మీసం మళ్ళా మొలుస్తాది. ఆయన వేళ్ళు మొలుస్తాయా? పో ఈణ్ణించి" అన్నాను. వాడు వరండాలోకి పోయి గోడకు తల ఆనించి నిలబడ్డాడు.

మా ఆయన కళ్ళు తెరిచి, సంచిలోని రంగుల కాగితాలు తియ్యమన్నాడు. ఎడమ చేత్తో ఔలీ కాగితం పక్కకు నెట్టాడు.

"గుల్‌మార్గే పోదాం."

"నీకు ఔలీ గదా ఇష్టం?"

"కర్ర పట్టుకోలేను గదా" అన్నాడు, కట్టు కట్టిన చెయ్యి చూసుకుంటూ. "బోర్డుకైతే చేతులతో పన్లేదు. నువ్వే గెలిచినావులే."

నేను మంచం పట్టీకి మొహం ఆనించి బావురుమన్నాను. అంత ముచ్చటగా కొట్లాడింది ఇట్లా గెలవడానికా? ఈ గెలుపు నాకొద్దు దేవుడా, ఆయన వేళ్ళు ఆయనకిచ్చెయ్.

మంచం చివర బత్తాయి ఒలుస్తున్న మా అమ్మ లేచి వచ్చి నా వీపు నిమిరింది.

"ఊరుకో పాపా. యాడికన్నా పోండి గానీ, ఆ కాశ్మీరుకు మాత్రం వద్దు" అంది. "ఆడ మనుషులకు భద్రం లేదంట."