ఊటకంట్లో పొత్రం

నేను ఒక సన్నికల్లు పొత్రాన్ని. మిక్సీలు వచ్చాక పుట్టినవాళ్లకు నా పేరు తెలియకపోవచ్చు కాబట్టి చెబుతున్నాను. సన్నికల్లు అంటే పలకలా ఉండే రాయి. దాని మీద పచ్చడో కారమో వేసి, రెండు చేతులతో ముందుకూ వెనక్కూ నూరే గుండ్రటి పొడుగు రాయిని నేను. మూరెడు పొడుగుంటాను. ప్రస్తుతం నూరే పనేమీ లేదు. కొండ పాదంలో, బండల మధ్య ఒక కంతలో ఇరుక్కుని ఉన్నాను. ఎలా వచ్చానో చెబుతాను. నా మీద మాత్రం జాలిపడకండి, జాలిపడవలసినవాళ్లు వేరే ఉన్నారు.

నర్సీపట్నం దాటి కొండల వైపు పోయే దారిలో ఒక ఊరు. ఊరి చివర ఒక పెంకుటిల్లు, దాని వెనుక పెరడు, పెరటిని ఆనుకుని కొండ. ఆ కొండరాయినే కొట్టి, సంతలకు తిరిగే రాతిపనివాడొకడు నన్నూ నా జోడు సన్నికల్లునూ చెక్కాడు. ఆ ఇంటి యజమానురాలు పైడమ్మ రెండు కుంచాల ధాన్యం పోసి మమ్మల్ని తీసుకుంది. పుట్టినచోటికి నూరడుగుల దూరంలో కాపురం. ఆడపిల్లలకు కూడా అంత అదృష్టం దొరకదు.

పైడమ్మ నాతో ఎన్ని మిరపకాయలు నూరిందో లెక్కలేదు. వాటిలో ఏదీ ఆవిడ నోటికి సాటి రాలేదు. ఆవిడకు ఒక్కడే కొడుకు, దాలినాయుడు. వాడి పెళ్లిలో పెళ్లికూతురు నూకరత్నం పాదాన్ని సన్నికల్లు మీద పెట్టించి, ఈ రాయిలా స్థిరంగా ఉండమ్మా అని దీవించారు. రాయిలా ఉండమన్నవాళ్లు రేపు రాయిలా ఉన్నావేమని తిట్టకూడదు. మనుషులకు అలాంటి నియమాలేవీ లేవని నాకప్పుడు తెలియదు.

మా వైపు బారసాలకు ఒక ఆచారం ఉంది. బిడ్డను ఉయ్యాలలో వేసేముందు, కడిగి పసుపు రాసి బొట్టు పెట్టిన పొత్రాన్ని వేస్తారు. ముందు రాయి పడుకుంటే, వెనుక బిడ్డ రాయిలా గట్టిగా బతుకుతుందట. మా వీధిలో నాకు హస్తవాసి ఉందని పేరు వచ్చింది. పదమూడేళ్లలో పద్దెనిమిది ఉయ్యాలలు ఎక్కాను. ఎక్కిన ప్రతిసారీ నన్ను కడిగి, బొట్టుపెట్టి, ఆ ఇంటి గుమ్మం దాకా మోసుకెళ్లింది నూకరత్నమే. గుమ్మం దగ్గర ఎవరో ఒకరు ఎదురొచ్చేవారు.

"అక్కడ పెట్టీ అమ్మా, మేం అట్టుకెల్తాం. నువ్వు లోపలికి రాకు, ఏటీ అనుకోకు."

నూకరత్నానికి పిల్లల్లేరు. ఆమె నన్ను గుమ్మంలో పెట్టి, ఉయ్యాలపాట అయ్యేదాకా వీధిలో నిలబడి, నన్ను తీసుకుని ఇంటికొచ్చేది. పద్దెనిమిదోసారి వచ్చాక పైడమ్మ అంది: "ఆ రాయిని సూసి బుద్ది తెచ్చుకో. ఇప్పటికి అది పద్దెనిమిది మందికి తల్లైనాది."

పెరటి సంగతి చెప్పాలి. వెనుకటి రోజుల్లో కొండ పాదంలోంచి ఊట పుట్టి, చిన్న గెడ్డలా, అంటే వాగులా, పెరట్లోంచి పారి, అరటిచెట్ల పక్కనున్న కుంటలోకి దిగేదట. వీధిలో నుయ్యి తవ్వాక దాని అవసరం తీరిపోయింది. అవసరం తీరినదాన్ని మనిషి ఏం చేస్తాడో మీకు తెలుసు. పెంటా, బూడిదా, పగిలిన కుండలూ, సీసాపెంకులూ తెచ్చి అందులో పోశారు. తలంబ్రాల కంప మొలిచింది. నీరు ఎటో ఇంకిపోయి, కుంట దిబ్బగా మారింది. తర్వాత వీధినూతికి కూడా వేసవి వచ్చేసరికి నీళ్లు అడుగంటడం మొదలైంది. అప్పుడు కూడా ఎవరికీ గెడ్డ గుర్తురాలేదు.

గుర్తొచ్చింది పైడమ్మకు. ఆ ఏడు ఆవిడ గుట్టుగా కొడుక్కి రెండో సంబంధం చూసింది. పిల్ల తండ్రి ఒకే మాట అన్నాడు. మా పిల్ల వీధినూతికి బిందె మొయ్యదు, మీ పెరట్లో నీళ్లుంటేనే ఇస్తాను అని. కూలీలను పెడితే ఖర్చు. ఇంట్లో కోడలుంది. అయితే సవతి కోసం గెడ్డ తవ్వు అంటే ఏ ఆడదైనా పార పట్టుకుంటుందా?

అందుకని ఒక మధ్యాహ్నం, నూకరత్నం చేనికి వెళ్లినప్పుడు, సోది చెప్పే మనిషిని పెరటి అరుగు మీద కూర్చోబెట్టి పైడమ్మ అన్నం పెట్టింది. ఉల్లికారం నాతోనే నూరింది. మాటలన్నీ నా ముందే జరిగాయి.

"నా కోడలికి సోది సెప్పాల. పెరట్లో ఊటకన్ను మూసుకుపోనాది, దాన్ని నీ సేత్తో ఇప్పితే నీ కడుపు పండుతాది అని సెప్పీ. ఇంకోల సెయ్యి పడితే పలించదని కూడా సెప్పీ."

సోదమ్మ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగింది. "నీల్లు ఇప్పడం మంచిదే తల్లీ. కడుపు మాటలో అబద్దం ఆడితే నా నోరు పడిపోదా?"

"ఆ నోటికి అన్నం పెడతన్నది నాను," అని పైడమ్మ ఇంకో చారెడు అన్నం, దాని మీద ఇంత కారం వేసింది. సోదమ్మ తిన్నది. ఆకలి కూడా ఒక దేవతే, అది పలికిస్తే ఏదైనా పలుకుతారు.

మర్నాడు సోదమ్మ నూకరత్నం అరచేతిని కర్రతో తాకి ఆ మాటలు ఉన్నవున్నట్టుగా చెప్పింది. నూకరత్నం ఏడుస్తూ వింది. నాకు నోరు లేదు. ఉంటే చెప్పేదాన్నే అని గొప్పకు పోను. నోరున్న దాలినాయుడికి అంతా తెలుసు, అతను చెప్పలేదు కదా.

ఫాల్గుణంలో పార పట్టింది. ముందు కంప నరికింది. తర్వాత దిగువనుంచి, అంటే కుంటనుంచి మొదలుపెట్టి, తట్టలతో పూడిక ఎత్తి గట్టు మీద పోసింది. పొద్దున్నే ఇంటిపని, పగలు చేనిపని, మిగిలిన వెలుగంతా బురద. సీసాపెంకు కోసుకుని కాలు చీలితే, నాతో పసుపు నూరి అద్దుకుని మళ్లీ దిగింది. దాలినాయుడు వేపపుల్ల నములుతూ గట్టు మీద నిలబడి, ఇటు ఇంకొంచెం లోతు చెయ్యి అనేవాడు. ఎండాకాలం ఉక్కగా ఉందని అతను వీధరుగు మీద పడుకోవడం మొదలుపెట్టాడు. ఆమె కడుపు పండటానికి నీళ్లు కావాలన్నారు గాని మొగుడు కావాలని సోదిలో చెప్పలేదు.

కుంట అడుగున ఒకరోజు పార వేస్తే నెత్తురొచ్చింది. తడి ఉన్నంత మేర బురదలో దాక్కుని, ఎన్నాళ్లుగానో వానకోసం కాచుకున్న కొర్రమేను. పార పడి రెండు ముక్కలైంది. నూకరత్నం ఆ రెండు ముక్కలనూ చేతుల్లో పట్టుకుని, "నీల్లొత్తన్నాయి గదే, ఇంకొన్నాల్లు ఆగలేకపోనావా," అని ఏడ్చింది. పైడమ్మ వచ్చి ముక్కలు లాక్కుని పులుసు పెట్టింది. మసాలా నాతోనే నూరారు.

పైకి పైకి తవ్వుకుంటూ వైశాఖంలో కొండ పాదానికి చేరింది. అక్కడ ఒక బండ కింద చెయ్యి పెట్టి మట్టి లాగుతుంటే, మోచేతిదాకా చెయ్యి లోపలికి పోయింది. కొంచెంసేపు ఏమీ లేదు. తర్వాత ఎర్రబురద కక్కింది. ఆ తర్వాత నీళ్లు. నూకరత్నం ఆ ఊటకంటి ముందు కాళ్లు చాపుకుని కూర్చుని, ఒళ్లో నీళ్లు పోయించుకుంటూ పకపకా నవ్వింది. ఆమె నవ్వడం నేను మొదటిసారి విన్నాను, మళ్లీ వినలేదు.

కుంట తొమ్మిది రోజుల్లో నిండింది. చుట్టూ రాళ్లు పేర్చింది, కలువ దుంపలు తెచ్చి నాటింది. గెడ్డ వెంట తోటకూర చల్లింది. పిట్టలొచ్చాయి. పైడమ్మ కూడా మెచ్చుకుంది. "పని నీ సేతిలోనే ఉందే," అంది. నూకరత్నం ఆ మాటకు పొంగిపోయి, ప్రతి నెలా వేళ్లు మడిచి రోజులు చూసుకునేది.

రెండు నెలలకు ఒక పెద్దమనిషి వచ్చాడు. పెరట్లో కుర్చీ వేశారు. నూకరత్నం పక్కనే కూర్చుని నాతో కొబ్బరి పచ్చడి నూరుతోంది. ఆయన కుంటలో చెయ్యి కడుక్కుని, నీళ్లు పుక్కిలించి చూసి పైడమ్మతో అన్నాడు.

"బాగున్నాయి అప్పా నీల్లు. పెరట్లో నీల్లుంటేనే మా వరాలునిత్తానన్నాను, మాట నిలబెట్టుకున్నారు. సోదమ్మ సేత సెప్పించి తవ్వించినారంట గదా! బలే తెలివి!"

ఆయనకు ఆ తవ్వినమనిషి ఎవరో తెలియదు. పచ్చడి నూరుతున్న పనిమనిషి అనుకున్నాడు. నూకరత్నం చేతులు నా మీద ఆగిపోయాయి. తర్వాత మళ్లీ నూరింది. ఆరోజు పచ్చడి వెన్నలా నలిగింది, అందరూ ఇంకొంచెం అడిగి వేయించుకున్నారు.

పుట్టింటికి కబురు పెడితే అన్న వచ్చి, సర్దుకుపో అని చెప్పి, అన్నం తిని వెళ్లాడు. శ్రావణంలో వరాలు కాపురానికొచ్చింది. పద్దెనిమిదేళ్లది. కల్లాకపటం తెలియదు. "అక్కా, ఇంత బాగా ఎవులు కట్టినారక్కా ఈ కుంట?" అని అడిగిందట నూకరత్నాన్నే. ఏడాది తిరిగేలోగా కొడుకును కన్నది. ఊరంతా సోదమ్మను పొగిడారు. గెడ్డ ఇప్పినారు, కడుపు పండింది అన్నారు. ఎవరు తవ్వితే ఎవరికి పండిందని అడిగినవాళ్లు లేరు.

బారసాలనాడు పైడమ్మ పెరట్లోకి తొంగి చూసింది. "పొత్రం కడిగి, బొట్టు పెట్టి, నడవ గుమ్మంలో పెట్టీ. నువ్వు మాత్రం గుమ్మం దాటకు. మన బిడ్డ."

తన ఇంట్లో తన గుమ్మం. నూకరత్నం తలూపింది. నన్ను కుంట దగ్గరికి తీసుకెళ్లి, బిడ్డకు పోసినట్టు దోసిళ్లతో నీళ్లు పోసింది. పసుపు రాసింది, బొట్టు పెట్టింది, కాటుక చుక్క కూడా దిద్దింది. పద్దెనిమిదిసార్లు మోసిన మనిషి పంతొమ్మిదోసారి నన్ను గుండెలకు ఎత్తుకుంది. లోపల పాట మొదలైంది. ఆమె గుమ్మం వైపు వెళ్లలేదు. గెడ్డ వెంట పైకి నడిచింది.

ఊటకంటి దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నన్ను అందులోకి దూర్చింది. పాత చీరపేలికలు చుట్టూ కుక్కింది. ఇంకో రాయితో నా నెత్తిమీద మూడు దెబ్బలు కొట్టింది. బంకమన్ను మెత్తి, పక్క బండలతో కలిసిపోయేలా చదును చేసింది. నా వెనక నీళ్లు వచ్చి ఆగాయి. ఇవతల ఆమె చేతులు కడుక్కోవడానికి మాత్రమే మిగిలాయి.

"పొత్రం కడగతంటే కుంటలో జారిపోనాదత్తా," అని చెప్పడం దూరంనుంచి వినిపించింది. వాళ్లు నాకు బదులు బెల్లం అచ్చును ఉయ్యాలలో వేసి, తర్వాత బిడ్డను వేశారట. సాయంత్రానికి ఉయ్యాల నిండా చీమలు. బిడ్డ ఏడ్చిన ఏడుపు నాదాకా వచ్చింది.

మాఘానికి కుంట ఎండింది. కలువలు మాడాయి, బురద బీటలు వారింది. ఒక పొద్దున్న పైడమ్మ వచ్చి ఎండిన కుంటను ఈ చివరినుంచి ఆ చివరిదాకా వెతికింది.

"ఏదే పొత్రం? ఇందులో పడిందన్నావు గదా?"

నూకరత్నం మాడిన కలువ ఆకులు ఏరి గట్టు మీద వేసింది.

"ఊట ఏ బండ కింద ఉందో నీకొక్కదానికే తెలుసు. మల్లీ తవ్వీ."

"సోదమ్మని పిలవండత్తా," అంది నూకరత్నం. "ఆవిడ సెప్తే తవ్వుతాను."

దాలినాయుడు కొట్టాడు. ఆమె చెప్పలేదు. స్థిరంగా ఉండమని దీవించింది వాళ్లే. తర్వాత కూలీలను పెట్టి రెండురోజులు తవ్వించారు. వాళ్ల గునపం ఎండిపోయిన బంకమన్ను మీద రెండుసార్లు ఠంగుమంది, బండ అనుకుని వదిలేశారు. వెనక ఆగిన నీళ్లు చాలామటుకు కొండలో ఇంకో దారి చూసుకుని అవతలి లోయలో ఎక్కడో దిగిపోయాయి.

పైడమ్మకు శిక్ష పడిందనుకుంటున్నారా? ఆవిడకు రోజూ రెండుపూటలా వేడినీళ్ల స్నానం తప్పలేదు. దాలినాయుడి పంచెలు తెల్లగానే ఉన్నాయి. చంటిబిడ్డను చంకనేసుకుని బిందె ఎత్తింది వరాలు. వేసవిలో వీధినుయ్యి అడుగంటితే పక్క ఊరి నూతికి పోయింది. ఏ బిందె మొయ్యకూడదని తండ్రి అంత పట్టుపట్టాడో ఆ బిందెతోనే ఆ పిల్ల నడుం వంగింది. నూకరత్నం అరుగు మీద కూర్చుని అది చూసేది. నాకు ఆమె మీద కూడా కోపమొచ్చింది. తనను ఏడిపించినవాళ్లను వదిలేసి, తనను అక్కా అని పిలిచినదాన్ని పట్టుకుందని.

మూడో వేసవిలో వరాలు నా దగ్గరికి వచ్చింది. చంకలో బిడ్డ, తలమీద ఖాళీ బిందె. ఊరంతా ఎండినా కొండ పాదంలో ఒకచోట నాచు పచ్చగా ఉండటం చూసిందట. బిందెనూ బిడ్డనూ దించి, వేళ్లతో బంకమన్ను గీకింది. పెచ్చు ఊడింది. ఆమె వేలు నా నెత్తికి తగిలింది. అంత ఎండలోనూ నేను చల్లగా ఉన్నాను. ఇంకొక్క గుంజు గుంజితే చాలు.

"అక్కా!" అని కేకేసింది. "ఇక్కడేదో ఉన్నాదక్కా. సల్లగా, నున్నగా ఉన్నాది."

నూకరత్నం వచ్చి వెనక నిలబడింది. బిడ్డ ఆమె కొంగు పట్టుకుని లాగుతుంటే ఆ కొంగును మెల్లిగా వాడి పిడికిట్లోంచి విడిపించుకుంది.

"కొండరాయి," అంది. "కదలదు. ఒగ్గీ."

అబద్ధం కాదు. నన్ను తీసింది ఈ కొండలోంచే.

"అలగా అక్కా," అంది వరాలు. బిడ్డను చంకనెత్తుకుని, బిందె తలమీద పెట్టుకుని, పక్క ఊరి దారి పట్టింది. నూకరత్నం వంగి, ఊడిన పెచ్చు తీసి, ఉమ్మితో తడిపి, మళ్లీ నా నెత్తిన మెత్తింది.