ఐలమ్మ రికార్డు

మౌక్తిక పేరు వింటేనే నాకు ఒళ్ళు మండేది. ఈ కంపెనీలో నేను ఆరేళ్ళుగా ఉన్నాను. ఆమె వచ్చి ఏడాది కూడా కాలేదు. అయినా ఆ కరోనా రెండో వేవ్ రోజుల్లో, కామ్‌రేజ్‌లోని మా ఇంట్లోంచి నేను మీటింగులో చేరేసరికి మా మేనేజర్ దినేశ్ సార్ ఆమెనే మెచ్చుకుంటూ ఉండేవాడు. టీమ్ లీడ్ ఎవరో శుక్రవారం డెమో తర్వాత చెబుతానన్నాడు. ఆ పోస్టు నాదేనని ఆర్నెల్లుగా అనుకుంటున్నాను.

మేం చేస్తున్నది మూతపడ్డ బట్టల మార్కెట్ దుకాణాలకు ఆన్‌లైన్ ఆర్డర్లు తీసుకునే సైటు. దాని టెస్టుల కోసం మౌక్తిక కొందరు ఉత్తుత్తి కస్టమర్లను తయారుచేసింది. వాటిని మేం ఫిక్స్చర్లంటాం. ప్రతి టెస్టుకూ ముందు అవి డేటాబేస్‌లో కొత్తగా నిండుతాయి. పేరు పెట్టి పిలిస్తే చాలు, ఆ కస్టమర్ రికార్డంతా చేతికొస్తుంది. గోడాదరాలో తన వీధిలోని తెలుగువాళ్ళ పేర్లే పెట్టింది: ఐలమ్మ, కొమురవ్వ. దానికీ సార్ మురిసిపోయాడు.

డెమోకు పది నిమిషాల ముందు ఆ ఫైలు తెరిచాను. ఐలమ్మ ఆర్డరులోని పన్నెండు చీరలను సున్నా చేసి, అందరూ వాడే కోడ్‌లోకి పంపేశాను. ఆమె టెస్టులు ఫెయిలై అందరి ముందూ మౌక్తిక పరువు పోవాలి, అంతే.

సార్ టెస్టులు నడిపాడు. మౌక్తికవన్నీ పచ్చగా పాసయ్యాయి. నావి ముప్పై ఎనిమిది ఎర్రగా ఫెయిలయ్యాయి.

"యే క్యా హై, ఫణి భాయ్?" అన్నాడు సార్.

అప్పుడు వెలిగింది నాకు. సొంతంగా ఒక కస్టమర్‌ను తయారుచేసుకునే ఓపిక లేక, నెలల తరబడి నేను ఆ ఐలమ్మనే వాడుకుంటున్నాను. మౌక్తిక టెస్టులు ఎప్పుడో కొమురవ్వకు మారిపోయాయి.

మీటింగు అయ్యాక ఆమె ఫోన్ చేసింది.

"అన్నా, ఐలమ్మ రికార్డు మల్ల సరిచేసిన. మార్చింది మీరేనని ఫైలు హిస్టరీల ఉన్నది. సార్‌కు చెప్పలే."

"పొరపాటున జరిగింది," అన్నాను.

"గిట్ల ఎందుకు చేసిన్రన్నా? లీడ్ నాకొద్దు, ఫణన్నకే ఇయ్యిండ్రని నిన్ననే సార్‌కు చెప్పిన. సరే అన్నడు. గిప్పుడేమో లీడ్ నువ్వే చెయ్యాలె అని నాతోని అంటున్నడు."

ఫోన్ పెట్టేశాక సిగ్గుతో చచ్చిపోయాను, నిజమే. కానీ ఆ సిగ్గు కన్నా కుళ్ళే ఎక్కువగా ఉంది. నేను అంతగా పాకులాడిన పోస్టును, ఆ పిల్ల ఒక్క మాటతో వద్దనగలిగింది.