రేకులు విప్పిన రోజు

జేసీబీ తొట్టె వేపచెట్టు మొదట్లో దిగింది. చెట్టు వేళ్ళతో సహా లేచి పక్కకు ఒరిగింది. అది బీబీజాన్ ఇంటివాళ్ళ చెట్టు. బస్తీ జనం చుట్టూ నిలబడి చూశారు. ఎవరూ కదలలేదు. సిద్ధయ్య కూడా కదలలేదు.

ఆ జాగ ఒకప్పుడు సిద్దిపేట చెత్తంతా పోసి తగలబెట్టిన దిబ్బ. ఆ పొగకే సిద్ధయ్య భార్య బాలవ్వ ఊపిరితిత్తులు పాడయ్యాయి. దవాఖానలో మంచి గాలి పీల్చమన్నారు. ఎక్కడ పీల్చాలో చెప్పలేదు. ఆమె పోయాక బస్తీ జనమే దిబ్బ ఎత్తిపోసి, చెరువు మట్టి పరిచి మొక్కలు పెట్టారు. మసీదులో నమాజుకు ముందు కాళ్ళూచేతులు కడుక్కున్న వజూ నీళ్ళను కాలువ తీసి మొక్కలకు మళ్ళించారు. ఇంటికో చెట్టు పంచుకుని, ఇంటివాళ్ళ పేరు రాసిన రేకు కట్టారు. పేరుంటేనే నీళ్ళు పోస్తారనుకున్నారు. పిల్లల దగ్గులు తగ్గాయి.

ఆ రేకులే కాంట్రాక్టర్ పర్శరాములుకు అక్కరకొచ్చాయి. ఆ జాగలోనే మున్సిపాలిటీ పార్కు పని పట్టాడు. ప్రహరీ, గేటు, గేటుకు టికెట్, రోడ్డు వైపు దుకాణాలు. దుకాణాలకు అడ్డంలేని చెట్లెవరివో రేకులు చదివి, ఆ ఇళ్ళకు మాత్రమే తిరిగాడు. మీ చెట్టు ఉంచుతాను, ఊరుకోండి అన్నాడు. ఊరుకున్నారు.

ఇప్పుడు సిద్ధయ్య దగ్గరికి వచ్చాడు.

"తాతా, బాలవ్వ పేరు మీది కానుగ చెట్టును ముట్ట. దాని కింద బెంచీ గూడ ఏపిస్త."

"టికెట్ కొని కూసోవాల్నా?"

"నీకు ఫ్రీ."

"మరి గీ పోరగాండ్లకు?"

"గది నీకెందుకే?"

బీబీజాన్ కొంగు సర్దుకుంటూ ముందుకొచ్చింది. "సిద్ధయ్య భాయ్, నాడు పొగ ఇండ్లు చూసుకుంట వచ్చిందా? మరి మీరెందుకు ఎవల చెట్టు వాళ్ళు చూసుకుంటున్నరు?"

సిద్ధయ్య కానుగ చెట్టు దగ్గరికి నడిచాడు. భార్య పేరున్న రేకును పట్టి గుంజాడు. రేకు కట్టిన ఇనుప తీగ అరచేయి కోసింది. రేకును జేసీబీ ముందు పడేశాడు.

"ఇగ చెప్పు. వీట్లల్ల నా చెట్టేది?"

విజయరాణి తన చెట్టు రేకు విప్పింది. ఆమె మొగుడు చంద్రశేఖర్ చేయి పట్టుకున్నాడు. "మనది బతుకుతది గదనే."

"నీ సిగ్గు బతుకుతదా?" అంది.

ఇక ఎవరూ ఆగలేదు. రేకులన్నీ ఒకదాని మీద ఒకటి పడ్డాయి. పర్శరాములు ఫోన్ తీశాడు. పోలీసులొచ్చారు. సిద్ధయ్యను కాలర్ పట్టి జీపెక్కించారు.

"నీ చెట్టు బాగనే ఉంది గదరా ముసలోడా," అన్నాడు ఎస్సై. "లొల్లి చెయ్యనని చెప్పు, ఇడిసిపెడ్త."

"చెట్టుంది సారూ. మనిషే లేదు. ఉన్నోళ్ళన్న బతకాలె."

"స్టేషన్ల చెప్పు గవన్ని."

జీపు కదిలింది. సిద్ధయ్య వెనక్కి చూశాడు. చంద్రశేఖర్ తన తల్లిని మంచంతో సహా మోసుకొస్తున్నాడు. ఆమెది ఊపిరాడని దమ్ము జబ్బు. రెండో వైపు మంచం కోడు బీబీజాన్ కొడుకు హస్నైన్ పట్టాడు. వాళ్ళ వెనక ఇంకో మంచం, దాని వెనక మరొకటి. దగ్గుతున్న ముసలివాళ్ళందరినీ జేసీబీ చుట్టూ దించారు.

"నడుపు ఇగ," అంది విజయరాణి.

డ్రైవర్ తాళంచెవి తీసి కిందికి దిగాడు.