రెండో గడి

ఇసాముకి క్యాసెట్ల పిచ్చి. మామూలు పిచ్చి కాదు. కట్టుకున్న భార్య "నేను కావాలో, ఆ ప్లాస్టిక్ ముక్కలు కావాలో తేల్చుకో" అంటే వెంటనే జవాబు చెప్పలేక బుర్ర గోక్కున్న ఘనుడు. ఆమె ఆ గోక్కోవడం చూసే ఒసాకాలో పుట్టింటికి వెళ్ళిపోయింది. అప్పటినుంచి హమాదా రేవు పక్కన, వలలూ గాలాలూ అమ్మే తన దుకాణం మీది గదిలో, టీవీకి తగిలించి ఆడుకునే చిన్నప్పటి ఫామికామ్ యంత్రం ఆటల క్యాసెట్లన్నీ అరల నిండా పేర్చుకుని ఒంటరిగా, హాయిగా ఉన్నాడు.

ఆ గదిలోకి చెప్పకుండా వచ్చే చనువు చిగుసా ఒక్కతికే ఉంది. ఆమె అన్న తెత్సురోకీ ఇసాముకీ చిన్నప్పుడు ఒకే కంచం, ఒకే మంచం. పదమూడేళ్ళ వయసులో, వేసవి సెలవుల్లో ఒక పొద్దున, తెత్సురో కొత్త క్యాసెట్ సంచిలో వేసుకుని "ఇసాము వాళ్ళింటికి వెళ్తున్నా" అని బయల్దేరాడు. మళ్ళీ రాలేదు. మర్నాడు రేవుగోడ కింద రాళ్ళ మధ్య అతని చెప్పు ఒకటి దొరికింది. మనిషి దొరకలేదు, సంచీ దొరకలేదు.

"మా ఇంటికి రానే లేదండీ" అని ఇసాము ఆ రోజు పోలీసుల ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ తరువాత ఏటా అదే రోజున పళ్ళు తెచ్చి తెత్సురో పటం ముందు పెట్టేవాడు. చిగుసా తల్లి మంచాన పడితే కొడుకులా చూసుకున్నాడు. కన్నవాళ్ళు పోయాక చిగుసాకి పుట్టిల్లంటూ ఏదైనా మిగిలిందంటే ఈ పాత ఆటల గదే.

ముసురు పట్టిన మధ్యాహ్నం. ఇద్దరూ చాపల మీద కూర్చుని క్యాసెట్ల రాగి కొసలను స్పిరిట్‌లో తడిపిన దూదితో తుడుస్తున్నారు.

"అంత గట్టిగా రుద్దకు తల్లీ. బుజ్జగించాలి వాటిని."

"ఇందులో సగం బుజ్జగింపు వదినకి దక్కుంటే, నీకీ పాటికి వేడివేడి అన్నం దొరికేది అన్నా."

"అన్నం చల్లారినా తినొచ్చు. వీటికి తుప్పు పడితే ఏం చేస్తావ్?"

చిగుసా పకపకా నవ్వింది. టీవీ పైన గోడకి ఇసాము కుంచెతో రాసి అంటించిన కాగితం ఉంది: 'ముందు రీసెట్, తరువాత పవర్.' ఆ కాలపు పెద్ద ఆటల్లో మనం ఎంతవరకు గెలిచామో క్యాసెట్ లోపలి చిన్న బ్యాటరీ గుర్తుపెట్టుకుంటుంది. ఆట ఆపేటప్పుడు రీసెట్ మీట నొక్కిపట్టి పవర్ తీయాలి. మరిచిపోయి తీశావా, నెలల తరబడి పడ్డ కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. ఒకసారి మేయరు గారి అల్లుడు ఆ తప్పు చేయబోతే ఇసాము చెయ్యి పట్టుకుని గదిలోంచి లాక్కెళ్ళి మెట్లమీద దిగబెట్టాడు. ఊళ్ళో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు.

"టీ పెట్టుకొస్తా. ఆ పెట్టె అయ్యాక ఇంకేవీ ముట్టుకోకు" అని ఇసాము కిందికి దిగాడు.

ముట్టుకోవద్దంటే ఊరుకునే రకం కాదు చిగుసా. పెట్టె పూర్తయ్యాక కింది అర వెనక్కి చెయ్యి పెట్టింది. పాత బియ్యపు బిస్కెట్ల డబ్బా ఒకటి తగిలింది. లోపల మెత్తటి గుడ్డలో చుట్టిన ఒకే ఒక్క క్యాసెట్. వెనకవైపు ఎవరో గరుకు కాగితంతో రుద్ది పేరు చెరిపేశారు. అదేమంత వింత కాదు. చిన్నప్పుడు పిల్లలందరూ క్యాసెట్ వెనక పేరు రాసుకునేవాళ్ళు, అరువు తీసుకున్నవాడు తనదేనని బుకాయించకుండా. పాత సామాను కొట్లవాళ్ళు అమ్మేముందు వాటిని గీకేస్తుంటారు.

ఆమె కొసలు తుడిచి, పనిచేస్తోందో లేదో చూద్దామని ఫామికామ్‌లో పెట్టి పవర్ వేసింది. తెలిసిన బాణీ వినిపించింది. ఎవరి ఆట వాళ్ళు దాచుకునే మూడు గడులు తెరమీద వచ్చాయి. మొదటి గడిలో వీరుడి పేరు: చిగుసా.

ఆమె చేతిలో దూది జారిపోయింది.

తెత్సురో ఏ ఆట ఆడినా వీరుడికి చెల్లెలి పేరే పెట్టేవాడు. పెట్టకపోతే ఆమె ఇల్లు పీకి పందిరేసేది. ఆ చివరి పొద్దున కూడా టీవీ ముందు కూర్చోబెట్టి చూపించాడు. మొదటి గడిలో ఆమె పేరు, కింద రెండూ ఖాళీ. "సాయంత్రం వచ్చాక రెండో గడి నీకు. నువ్వే సొంతంగా ఆడుకో. ఇంకెవ్వరికీ ఇవ్వను, ఒట్టు" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె గుమ్మంలో చీకటిపడేదాకా కూర్చుంది.

ఇప్పుడు రెండో గడి ఖాళీగా లేదు. అందులో 'ఇసాము' అని ఉంది.

మెట్లమీద అడుగుల చప్పుడయింది. చిగుసా వెనక్కి తిరక్కుండానే అడిగింది.

"ఇది నీకెక్కడిది అన్నా?"

'పాత కొట్లో కొన్నాను, నా పేరు పెట్టి ఆడుకున్నాను' అంటే సరిపోయేది. ఆమె నమ్మేది. నమ్మాలని ప్రాణం కొట్టుకుంటోంది కూడా. కానీ గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేవాడికి అంత తెలివి ఎక్కడేడుస్తుంది? ఇసాము పళ్ళేన్ని కింద పడేసినట్టే పెట్టాడు. టీ చాపమీదికి తొణికింది. అతని చెయ్యి ఆమె భుజం మీదుగా వచ్చి పవర్ మీటని లాగేసింది. రీసెట్ జోలికి పోలేదు.

తెర నల్లబడింది.

"అయ్యయ్యో, మరిచేపోయా" అన్నాడు. "వయసు మీద పడుతోంది చెల్లెమ్మా."

చిగుసా మళ్ళీ పవర్ వేసింది. మూడు గడులూ ఖాళీ. ఆమె తలెత్తి గోడమీది కాగితం చూసింది. ఆ తప్పు ఈ భూమ్మీద ఎవరైనా చేయొచ్చు, ఇసాము చేయడు. కావాలని చేస్తే తప్ప. కింద దుకాణంలో ఎవరూ లేరు. మెట్లకీ ఆమెకీ మధ్య అతను నిలబడి ఉన్నాడు.

అరవాలనిపించింది. అరవలేదు. వీరుణ్ణి నడిపే మీటల బిళ్ళ చేతిలోకి తీసుకుని రెండో గడి తెరిచి, ఒక్కొక్క అక్షరం ఏరుకుంటూ 'తెత్సురో' అని పేరు పెట్టింది. ఆ ఆటలో గెలుపు రాసిపెట్టే రాజు ముందుకి వీరుణ్ణి నడిపించి, ఆటని భద్రపరిచింది. తరువాత రీసెట్ నొక్కిపట్టి పవర్ తీసింది.

"ఇలా కదూ ఆపాలి? నువ్వేగా నేర్పావు."

ఇసాము ఒలికిన టీ పక్కనే చతికిలబడ్డాడు.

"వాడు నీళ్ళు తాగడానికి లేచాడు. ఆ కాసేపట్లో నా పేరు పెట్టేసుకున్నా. ఒక్క గడే కదా అనుకున్నా. వాడు చూసి అగ్గయిపోయి, క్యాసెట్ లాక్కుని వెళ్ళిపోయాడు. వెనకాలే పరిగెత్తా. రేవుగోడమీద పట్టుకున్నా."

"తోశావా?"

"సంచి పట్టుకుని లాగా. సంచి నా చేతికొచ్చింది, వాడు కిందికి పోయాడు." అతను కళ్ళు తుడుచుకోలేదు. "లాగుతున్నప్పుడే 'తుడిచెయ్యరా, అది చిగుసాది' అన్నాడు. అదే వాడి ఆఖరి మాట. తుడవలేకపోయా. వాడి ఆట పక్కన నా ఆట ఉన్నది అదొక్కటే మిగిలింది నాకు."

చిగుసా చూపు అతని చేతుల మీద పడింది. మంచాన పడ్డన్నాళ్ళూ అమ్మ ఈ చేతుల మీదుగానే మందు తాగింది.

ఇసాము లేచి, జరుపుతలుపు మెల్లిగా మూసి, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. వాన పెద్దదయింది.

"టీ చల్లారిపోతోంది" అన్నాడు. "తాగు చెల్లెమ్మా."

ఆమె టీ వైపు చూడలేదు. అన్న పేరు చెరగనివ్వనన్నట్టు రీసెట్ మీదినుంచి వేలూ తీయలేదు.