పడుగు వేసిన సందులో ఛాంపియన్

మా ఆయన లోకనాథ్ ట్రాక్ సైక్లింగ్ స్ప్రింట్‌లో రాష్ట్ర ఛాంపియన్. పెళ్లయి ఇరవై రోజులే. జాతీయ పోటీలకు ఢిల్లీకి ఒక్కడే పోతానన్నాడు. నేనూ వస్తానని పట్టుబట్టాను.

"సైకిల్ పందెంలో నన్ను గెల్చు, పిల్చుకపోతా," అని నవ్వాడు.

"సరే. దారి మాత్రం నేను చెప్తా."

"ఏ దారైతే నాకేం?"

హిందూపురం నుంచి ధర్మవరంలోని మా పుట్టింటికి వచ్చాక, ఇంట్లోని రెండు సైకిళ్లు తీసుకుని స్టేషన్‌కు పోయి, అక్కడి నుంచి మా గడప దాకా పందెం పెట్టుకున్నాం. స్ప్రింటర్లు మొదట్లో ముందుకు పోరు. ఎదుటివాళ్ల వెనక గాలి తగలకుండా వచ్చి, చివరి రెండు వందల మీటర్లలో దాటేస్తారు. లోకనాథ్ కూడా ఈల వేస్తూ నా వెనకే వచ్చాడు.

"ఏమే, కాళ్లు నొస్తాండాయా?"

"నొస్తాండాయి. దాటిపో మరి!"

"చివర్లో చూడు నా ఆట!"

నేను మా సందులోకి తిరిగాను. చీర నేతకు పట్టు పోగులను సందు పొడవునా సాగదీసి పడుగు వేశారు. గోడ పక్కన ఒక్క సైకిల్‌కే చోటుంది.

"యోవ్ అల్లుడా, ఒక్క పోగు తెగిందంటే మగ్గం గుంతలో నిన్నే కూర్చోబెడతా!" అని పెద్దమ్మ కేక వేసింది.

వెనక ఛాంపియన్ గంట కొడుతూనే ఉన్నాడు. నేను ఇంకాస్త నెమ్మదిగా తొక్కి, మా గడప ముందు దిగాను.

"ఇది అన్యాయమే!"

"ఢిల్లీలో చలంట కదా," అన్నాను. "నాకు స్వెటర్ యాడ కొనిస్తావు?"